తుండుగుడ్డ ఎత్తి చూడనివాళ్ళు

హోసూరు, ఆషాఢ బహుళ నవమి

మా తోడికోడలు పోయింది. తొలి ఏకాదశి నాడు ఉదయం కృష్ణగిరి ఆసుపత్రి నుంచి మా మరిది ఫోను చేసి, "వదినా, అయిపోయింది" అన్నాడు. నేను పొయ్యి ఆర్పి ఆమె గదిలోకి వెళ్ళాను. బీరువా తలుపు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె ఏ తలుపూ పూర్తిగా మూసి ఎరగదు. దాన్ని మూసి, గడియ పెట్టి, అప్పుడు కూర్చున్నాను.

ఆమెను ఇంటికి తీసుకురాకముందే బంధువులు చేరారు. "ఏకాదశి మరణం, ద్వాదశి దహనం, ఎంత పుణ్యం చేసుకుందో" అన్నారు. బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె చేసిన ఏ పనిలోనూ మంచి చూడనివాళ్ళు, చావులో మాత్రం తిథి చూసి మెచ్చుకున్నారు.

ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మా వర్తక సంఘం వారు ఆమె పేర ఒక సంచిక వేస్తున్నారు. "రెండు పేజీలు చాలమ్మా, అన్నీ మంచి మాటలే ఉండాల" అని కార్యదర్శి చెప్పి పోయాడు. అది ఒక కారణం. రెండోది ఇంతకన్నా పెద్దది. నిన్న పదమూడో రోజు భోజనానికి వచ్చిన ప్రచురణకర్త, ఆమె రాసిన పిల్లల బొమ్మల పుస్తకాన్ని మార్చి మళ్ళీ వేస్తానన్నాడు. దానికి నా సంతకం కావాలి. ఆమె ఆ పుస్తకం మీద హక్కును భర్తకు కాకుండా నాకు వదిలి వెళ్ళింది. సంతకం పెడితే పుస్తకం అంగళ్ళలో ఉంటుంది, కానీ అది ఆమె పుస్తకం కాదు. పెట్టకపోతే ఇక ఎక్కడా దొరకదు. శుక్రవారం లోపల తేల్చాలి.

కాబట్టి మంచి మాటలు ఆమెకు. మిగిలినవాళ్ళకు ఎవరి లెక్క వారికి.

ఆమె కుందారపల్లి పిల్ల. తండ్రి సంతలో ఎద్దుల దళారి. మా వైపు సంతల్లో ఎద్దుల బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపితే, మీద ఒక తుండుగుడ్డ కప్పేవారు. గుడ్డ కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకునేవారు. ఒక వేలు పడితే ఒక ధర, పిడికిలి పడితే మరో ధర. చుట్టూ ఎంతమంది నిలబడ్డా గుడ్డ కదలడం తప్ప ఏమీ కనిపించదు. బేరం కుదిరితే గుడ్డ తీసి దులుపుతారు, కుదరకపోయినా అలాగే దులుపుతారు. ఆడపిల్లలకు అక్కడ పని లేదు. ఈమె మాత్రం ఒకసారి ఎద్దు కాళ్ళ మధ్య నుంచి దూరి, తండ్రి చేతుల కింద చేరి, తల ఎత్తి చూసిందట. తండ్రి కిందకు చూశాడట, కూతురిని చూశాడట, బేరం మాత్రం ఆపలేదట. ఇంటికి వచ్చాక, "చూసినదాన్ని యాడా చెప్పవద్దు" అని మాత్రం అన్నాడట.

"చెప్పినావా?" అని నేను అడిగాను.

"మేకకు చెప్పినా అక్కా. అది ఎవురికీ చెప్పలేదు."

ఇటువంటి మనిషితో ఒకే వంటింట్లో జీవితమంతా గడపడం ఎంత కష్టమో నేను చెబితేనే తెలుస్తుంది. నేను కృష్ణగిరిలో లెక్కల టీచరుగా పనిచేశాను. పొద్దున బస్సు ఎక్కితే సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి మీద పారి ఉండేవి. ఆమె పక్కనే కూర్చుని, ఎసట్లో బియ్యం ఎలా గెంతుతున్నాయో వీధి పిల్లలకు చూపిస్తూ ఉండేది. ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో రంగు పెన్సిళ్ళు. తిడితే నవ్వేది. ఇంకా తిడితే, "అక్కా, నువ్వు తిట్టేటప్పుడు నీ కనుబొమలు మేక చెవుల మాదిరి లేస్తాయి" అనేది. ఆ తరువాత ఎవరైనా ఎలా తిట్టగలరు?

పిల్లలు పెద్దవాళ్ళయి, మనవలు వచ్చిన తరువాత ఆమె పుస్తకం మొదలుపెట్టింది. కథ ఇంతే. ఒక మేకపిల్లను సంతకు తోలుకుపోతారు. అక్కడ ఇద్దరు మనుషులు చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని నిలబడతారు. గుడ్డ కదులుతుంది. కింద ఏముందో మేకపిల్లకు తెలియాలి. బెల్లమా? ఎలుకా? తాతయ్య మీసమా? ప్రతి పేజీలోనూ అరచేయంత నిజమైన గుడ్డ, పైఅంచున కుట్టి ఉంటుంది. పిల్లలు దాన్ని ఎత్తి చూడాలి. కింద వేళ్ళు ఉంటాయి, ఒక్కో పేజీలో ఒక్కో రకంగా. చివరి పేజీలో గుడ్డ లేదు. మేకపిల్ల నోట్లో నాలుగు దారపు పోగులు వేలాడుతుంటాయి. బేరాన్ని సంతంతా చూసేసింది, ఇక అది చెడింది. మేకపిల్ల అమ్ముడుపోకుండా ఇంటికి వస్తుంది.

బొమ్మలు ఆమే వేసింది. మొదటిసారి చూపించినప్పుడు నేను అడిగాను.

"ఏమే, ఈ కాళ్ళేంది, నాలుగూ నాలుగు కొలతలుగా ఉండాయి?"

"కుందారపల్లి సంతదాకా నడిచి వచ్చింది అక్కా. నొప్పి ఉండదా?"

ఆమె చేత్తో తయారుచేసిన ఆ చేతిపుస్తకం మా మనవలు చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒకడు గుడ్డ ఎత్తాడు, మూశాడు, మళ్ళీ ఎత్తాడు. కింద ఉన్నది మారి ఉంటుందని వాడి నమ్మకం. చివరి పేజీకి వచ్చాక అందరూ గుడ్డ కోసం వెతికారు, అట్ట వెనక చూశారు, చాప ఎత్తి చూశారు. అప్పుడు మేక నోటి దగ్గర పోగులు కనిపించి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ మధ్యాహ్నం అన్నం తినడానికి ఎవరూ లేవలేదు. ఇల్లంతా అంత అల్లరి నాకు నచ్చదు. అయినా ఆ రోజు నేను నోరు తెరవలేదు. మంచి పాఠం జరుగుతున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని టీచర్లకు తెలుసు.

ఇక పుస్తకాలు వేసే పెద్దమనుషుల సంగతి.

ఆమె పుస్తకాన్ని పోస్టులో పంపేటప్పుడు, గుడ్డలు దారిలో నలగకుండా ప్రతిదానికీ కింది అంచున ఒక టాకా వేసేది, పల్చని తెల్ల దారంతో ఒకే కుట్టు. "దారం తెంపి, గుడ్డ ఎత్తి చూడండి" అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసేది. నెలలు గడిచాక పుస్తకం తిరిగివచ్చేది, తోడుగా ఒక ఉత్తరం. "మీ రచనను ఎంతో శ్రద్ధగా పరిశీలించాము." పుస్తకం తెరిస్తే టాకాలు వేసినవి వేసినట్లే ఉండేవి. ఒక్క దారం తెగలేదు. తుండుగుడ్డ కథ పంపితే తుండుగుడ్డ ఎత్తకుండా శ్రద్ధగా పరిశీలించగలిగినవాళ్ళను ఏమనాలి? నా తరగతిలో అయితే బెంచీ ఎక్కించి నిలబెట్టేదాన్ని.

హైదరాబాదులో ఒకరు, మా పిల్లలకు సంత అంటే తెలియదు అన్నారు. వాళ్ళ పిల్లలకు సింహాలు, రాక్షసులు, చంద్రమండలం ఎలా తెలుసో రాయలేదు. ఇంకొకరు, మీది తమిళనాడు కదా, తమిళంలో రాసుకోండి అన్నారు. ఆమె నిజంగానే తమిళంలో రాసి చెన్నైకి పంపింది. వాళ్ళు, తెలుగు పేరున్న రచయిత్రి కదా, తెలుగులో ప్రయత్నించండి అన్నారు. బెంగళూరులో ఒకాయన ఫోను చేసి మాట్లాడాడు. అందరికన్నా ఆయనే ఉదారుడు. మేక తీసేసి ఏనుగును పెడితే ఆలోచిస్తానన్నాడు.

"ఏనుగును తుండుగుడ్డ కింద బేరం చేస్తారా స్వామీ?" అని ఈమె అడిగింది.

"చేయరు. కానీ ఏనుగు పుస్తకాలు బాగా పోతాయమ్మా."

"అట్లయితే మీరు ఏనుగునే అమ్ముకోండి" అని ఫోను పెట్టేసింది. ఆమె కోపంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. తరువాత కాసేపు వంటింట్లో నిలబడి, "ఏనుగు తుండుగుడ్డ తింటే ఎట్లుంటాదో" అని తనలో తాను నవ్వుకుంది.

ఊళ్ళో పెద్దలు కూడా వెనకబడలేదు. అప్పటి సంఘం అధ్యక్షుడు, ఖర్చంతా తానే పెట్టి వేయిస్తానని ఇంటికి వచ్చాడు. బదులుగా మొదటి పేజీలో తన ముందుమాట, వెనక అట్ట మీద తన నిలువెత్తు ఫోటో. ఈమె వినయంగా కాఫీ ఇచ్చి, "మీ ఫోటో చూసి మేక భయపడతాదప్పా" అంది. ఆయన ఆ తరువాత మా ఇంటి శుభకార్యాలకు రాలేదు. చావుకు వచ్చాడు. పూలదండ పెద్దదే తెచ్చాడు.

బంధువుల పెళ్ళిళ్ళలో ఇది ఒక వినోదం. భోజనాల దగ్గర ఎవరో ఒకరు, "ఏమ్మా, నీ మేక అమ్ముడుపోయిందా?" అని అడిగేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉండేవారు.

"యాడప్పా! పళ్ళు చూసేవాడు ఒక్కడూ రాలేదు. అందరూ రంగు చూసి పోయేవాళ్ళే" అనేది.

అది ఆమె తండ్రి మాట. ఎద్దును కొనేవాడు పళ్ళు చూస్తాడు, కొననివాడు రంగు చూస్తాడు అనేవాడట. ఇంకో మాట కూడా చెప్పేది. "సంతకు పోయిన ఎద్దు తిరిగొస్తే ఎద్దు తప్పా అక్కా? వచ్చే వారం మళ్ళీ సంత ఉండాది." అలా అంటూనే తిరిగివచ్చిన పుస్తకంలోని గుడ్డలు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ కుట్టి, మళ్ళీ టాకా వేసేది. ఎవరూ ముట్టని గుడ్డలను ఉతకడం ఎందుకని నేను అడిగాను. "ముట్టనందుకే అక్కా. పాపం, వాటికి మనసు కష్టంగా ఉంటాది" అంది. నేను లేచి కొత్త దారపు ఉండ తెచ్చి ఇచ్చాను.

ఎన్నిసార్లు తిరిగివచ్చిందో నాకు తెలుసు. అంకె ఇక్కడ వేస్తే సిగ్గుపడాల్సినవాళ్ళు సిగ్గుపడరు, అందుకని వేయడం లేదు. పదేళ్ళు దాటిందని మాత్రం చెబుతాను.

ఇప్పుడు నిన్న మా ఇంట భోజనం చేసిన ప్రచురణకర్త గురించి. ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది, హోసూరులో పుస్తకాల ప్రదర్శన జరిగినప్పుడు. తల నెరిసిన మనిషి, పిల్లల పుస్తకాలలో పెద్ద పేరు. ఈమె ఆయనకు రెండుసార్లు పుస్తకం పంపింది. రెండుసార్లూ టాకాలతోనే తిరిగివచ్చింది. ఊరికి వచ్చాడు కదా అని మా మరిది వెళ్ళి పిలుచుకువచ్చాడు. ఆయన ముందుగదిలో కూర్చుని, కాఫీ తాగి, మెత్తగా కాదన్నాడు. ఆ మెత్తదనం వాళ్ళు ఎక్కడో నేర్చుకుంటారు కాబోలు.

"కథ ముచ్చటగా ఉందమ్మా. కానీ గుడ్డ పెట్టినా లాభం లేదు. ఈ కాలం పిల్లలకు ఫోను మీద వేలు జరపడం తప్ప, ఏదైనా ఎత్తి చూడాలనే కుతూహలం లేదు."

ఈమె భర్త వైపు తిరిగి, "మీ తుండుగుడ్డ ఇట్ల ఇయ్యండి" అంది. మా మరిది భుజం మీద ఉన్నది ఇచ్చాడు. దాన్ని రెండు చేతులా పరిచి పట్టుకుని ఆయన ముందుకు నడిచింది.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. చేతులు జోడించి, కళ్ళు సగం మూసి, తల వంచాడు. సన్మానం అనుకున్నాడు.

"తల కాదప్పా" అంది ఈమె. "చెయ్యి."

నవ్వు ఆపుకోవడం నా వృత్తిలో భాగం. ఆ రోజు నా వల్ల కాలేదు. కాఫీ లోటాలు తీసుకుని వంటింటి గడప దాకా వెళ్ళి అక్కడ నిలబడ్డాను, ఏమీ తప్పిపోకుండా.

ఆయన చెయ్యి చాపాడు. ఈమె పట్టుకుని మీద గుడ్డ కప్పింది. మా అత్తగారు బతికి ఉంటే పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నందుకు ఇల్లు కడిగించి ఉండేది. గుడ్డ కదిలింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"ధర చెప్తా ఉండాను."

"ఎంత?"

"నోటితో చెప్పేదానికి ఇది అంగడి కాదప్పా, సంత. వేళ్ళతో తెలుసుకో."

ఆయన మా మరిదిని చూశాడు. మా మరిది పైకప్పును చూశాడు. గుడ్డ ఇంకా కదులుతూనే ఉంది. ఆయన మెడ కాస్త పక్కకు వంచాడు. ఆ తరువాత ఎడమ చెయ్యి మెల్లగా వచ్చింది, గుడ్డ అంచు పట్టుకుంది, పైకి ఎత్తింది. ఆయన లోపలికి తొంగి చూశాడు.

"చూసినావా!" అని ఈమె చప్పట్లు కొట్టింది. "ఎత్తినావు! చదువుకున్నోడివి, తల నెరిసినోడివి, నువ్వే ఓర్చుకోలేకపోతివి. బిడ్డలు ఎత్తరంటావా?"

ఆయన గుడ్డ తీసి మా మరిది చేతికి ఇచ్చాడు. తరువాత, "ఎంత పట్టారు?" అని అడిగాడు.

"ఏమీ పట్టలేదప్పా. నీ వేళ్ళు లెక్కపెట్టినాను. ఐదూ ఉండాయి."

ఆ సాయంత్రం ఆయన తొలిసారి టాకాలు తెంపాడు. కత్తెర నేనే ఇచ్చాను. పిల్లల పుస్తకాలు వేస్తూ తల నెరిసిన మనిషికి, పిల్లవాడు ఏం చేస్తాడో మా ముందుగదిలో తెలిసింది. ఈ సంగతి ఆయన సభల్లో, "నా జీవితంలో మరపురాని అనుభవం" అని చెబుతుంటాడట. తల వంచిన భాగం మరపుకు వచ్చినట్లుంది, అది చెప్పడు.

ఆయన వేయగా పుస్తకం వచ్చింది. గుడ్డలు బాగలూరులో కుట్టుపని చేసే ఆడవాళ్ళు కుట్టారు. ఈమె రోజూ వాళ్ళ దగ్గరకు వెళ్ళి కూర్చునేది. పుస్తకం పిల్లల చేతుల్లోకి పోయి, పత్రికలలో నాలుగు మాటలు రాగానే, అంతకుముందు మేకను అడిగిన నోళ్ళే శాలువాలు తెచ్చాయి. ఒక్కో సభలో ఒక్కో రంగు. ఇంటికి వచ్చి ఆ శాలువాలతో మిక్సీకి, టీవీకి, కుట్టు మిషనుకు ముసుగులు కుట్టింది.

ఒకరోజు ముసుగు కుడుతూ అంది. "శాలువా కింద చెయ్యి పెట్టి చూసినా అక్కా. ఆడ ఎవురి వేళ్ళూ లేవు."

ఆమె గురించి ఎవరైనా ఒక్క మాటే రాయమంటే నేను ఆ మాట రాస్తాను.

ఆమె గర్వపడింది ఒక్క విషయానికే. బడులకు వెళ్ళి వచ్చినప్పుడు పిల్లలు వాడిన పుస్తకాలు అడిగి చూసేది. గుడ్డలు ఎంత మాసి ఉంటే అంత సంతోషం. ఒకసారి కల్లావి బడి నుంచి వస్తూ, "నల్లగా కరిపట్టిన గుడ్డ మాదిరి అయిపోయింది అక్కా, మామిడిపండు మరక కూడా ఉండాది!" అని పరీక్షలో మొదటి స్థానం వచ్చిన పిల్లలా చెప్పింది. నాకు మురికి పడదు. అయినా ఆ మరక ఎలా ఉందో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ఆసుపత్రిలో చేరాక ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఇంటి విషయాలు ఏవీ అడగలేదు. ఒక మధ్యాహ్నం మా మరిది, నేను ఇద్దరం ఉన్నప్పుడు, "పుస్తకం సంగతి అక్క చూసుకుంటాది" అంది. మా మరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మీకు ఎవురికైనా వద్దు అని చెప్పేదానికి రాదు. అక్కకు అది బాగా వస్తాది" అని అతనికి కారణం కూడా చెప్పింది. నా గుణాలలో మెచ్చుకోదగింది అదొకటి ఉందని ఈ ఇంట్లో కనిపెట్టింది ఆమె ఒక్కతే.

నిన్న పదమూడో రోజు. ప్రచురణకర్త వచ్చాడు, భోజనం చేశాడు, పాయసం రెండోసారి వేయించుకున్నాడు. చేతులు కడుక్కుని వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఫోను తీసి కొత్త పుస్తకం నమూనా చూపించాడు.

"అమ్మగారి స్మృతిచిహ్నంగా కొత్త రూపంలో తెస్తున్నామమ్మా. రంగులు చూడండి."

రంగులు చూశాను. తుండుగుడ్డ ఉంది, చక్కగా, ఎర్రని చారలతో. గుడ్డ కాదు, గుడ్డ బొమ్మ.

"ఎత్తితే?" అన్నాను.

"ఎత్తడానికి ఉండదమ్మా, అచ్చు వేస్తాం. కుట్టించడం అంటే ఆలస్యం, ఇబ్బంది. పిల్లలు ఊహించుకుంటారు."

"కింద ఏముంటాది?"

"కింద... అంటే పేజీయే కదమ్మా."

గుడ్డ అంచు ఎత్తిన ఆ ఎడమ చెయ్యే ఇప్పుడు ఫోను పట్టుకుని ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయనకు ఏమీ గుర్తు రాలేదు. చివరి పేజీ చూపించాడు. మేకపిల్ల బొమ్మ కింద ఒక చట్రంలో రాసి ఉంది. "నీతి: పరుల వస్తువులను తినరాదు."

"ఇది మేకకా?"

"పిల్లలకమ్మా. తల్లిదండ్రులు నీతి అడుగుతారు."

"మీ ఊళ్ళో బిడ్డలు తుండుగుడ్డలు తింటా ఉండారా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. శుక్రవారం మళ్ళీ ఫోను చేస్తానని, వాహనం సిద్ధంగా ఉందని లేచాడు.

ఆయన వెళ్ళాక మా మరిది గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"వదినా, పుస్తకమే లేకుండా పోయేదానికన్నా, గుడ్డ లేకుండా ఉండేది మేలు కదా? దాని పేరైనా నిలబడతాది."

అతని మీద నాకు కోపం రాలేదు. భార్య పేరు అచ్చులో చూడాలని ఉండటం తప్పు కాదు. అతని ప్రశ్న కూడా సరైనదే. ఈ ఉదయం దాకా దాన్నే అటూ ఇటూ తిప్పి చూశాను. కల్లావిలోనో, కుందారపల్లిలోనో ఇంకా పుట్టని పిల్ల ఆ పుస్తకం చూడకుండా పెరగడం నష్టమే. కానీ ఆ పిల్ల చేతికి గుడ్డ లేని పుస్తకం వస్తే, అది వేలితో తడిమి, ఎత్తబోయి, రాక, పుస్తకాలు ఎత్తడానికి ఉండవని నేర్చుకుంటుంది. దానికి ఆ పాఠం నేర్పడం మా తోడికోడలి పేరుతో జరగడానికి వీల్లేదు. పేరు నిలబడటానికి ఆమె రాయలేదు. పేరే కావాలంటే ఏనుగును పెట్టేది.

అందుకని నేను తేల్చినది ఇది. ఎవరు ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. సంఘం వారు ఇందులో ఒక్క అక్షరం తీసినా మొత్తం వ్యాసం తీసేయాలి.

1. ప్రచురణకర్త చూపిన నమూనాకు నేను సంతకం పెట్టను. శుక్రవారం ఆయన ఫోను చేయనక్కరలేదు. ఈ వ్యాసమే జవాబు.

2. గుడ్డలతో, నీతి లేకుండా, మేక ఇంటికి తిరిగి వచ్చేటట్లు వేస్తానంటే అదే రోజు సంతకం పెడతాను. బాగలూరు ఆడవాళ్ళతో ఈ ఉదయం మాట్లాడాను. కుడతామన్నారు.

3. ఆయన కాదంటే, ఆమె చేతిపుస్తకానికి నేనే టాకాలు వేసి వేరేవాళ్ళకు పంపుతాను. నా కుట్టు ఆమె కుట్టు కన్నా నేరుగా ఉంటుంది. తిరిగివస్తే మళ్ళీ పంపుతాను. నాకు వయసు అయింది, కానీ పోస్టాఫీసు దగ్గరే.

4. మా మరిది ఇకమీదట ఏ ప్రచురణకర్తకూ పాయసం రెండోసారి వడ్డించకూడదు, పుస్తకం చేతికి వచ్చేవరకు.

5. సంస్మరణ సభలో శాలువాలు వద్దు. వేదిక మీద ఆమె ఫోటోకు దండ వేసి పుస్తకాన్ని దాని పక్కన అద్దాల పెట్టెలో పెడతారని విన్నాను. పెట్టె తీసేయాలి. పుస్తకం కింద చాప మీద ఉండాలి, పిల్లల చేతికి అందేటట్లు.

6. మా ఊరి గ్రంథాలయంలో ఉన్న ప్రతిని అటక మీదకు పంపాలని గ్రంథపాలకుడు అనుకుంటున్నాడు, చినిగిందని. పంపకూడదు. ఈ ఉదయం వెళ్ళి చూసి వచ్చాను. మూడో పేజీలో గుడ్డ ఊడిపోయి ఎక్కడో పోయింది. ఆ చోట ఎవరో పిల్ల తన జడ రిబ్బను ముక్క కత్తిరించి, నల్ల దారంతో, వంకర టింకరగా కుట్టింది. ముడి కూడా సరిగా వేయలేదు. నీలం రిబ్బను, అప్పుడే కొంచెం మాసింది. దాన్ని విప్పి సరిచేయవద్దు.